పూటకూటి లెక్క

నంద్యాలనుండి వెలుగోడు మీదుగా ఆత్మకూరునకు పోవు బాటలో బండి ఆత్మకూరు ఒక మజిలీ. తూర్పుదిక్కున నల్లమల కొండలు, వాని పాదమున ఓంకార క్షేత్రము, ఇటు కుందేటి లోయలోని వరిపొలములు. తెల్లవారుజామున ఈ ఊరి బాటప్రక్కన వెలుగు మొట్టమొదట కనబడునది దేవాలయమున కాదు, హోటలు పొయ్యిలో. పెద్ద బాణలిలో తిరగమోత చిటపటలాడుచుండును. నానవేసి పిండిన బొరుగులు అందులో పడును. పసుపు, ఉల్లి, పచ్చిమిర్చి, పుట్నాలపొడి కలిసి ఉగ్గాని సిద్ధమగును. ప్రక్క బాణలిలో మిరపకాయ బజ్జీలు పొంగుచుండును. లారీ నడుపువారు, చదువుకొను పిల్లలు, వరినాట్లకు పోవు కూలీలు, కొండదారి పట్టిన యాత్రికులు అందరును ఒకే బల్లముందు నిలిచి తినిపోవుదురు.

గ్రామీణ కార్యక్రమము నిమిత్తము మేమొకసారి ఆ ప్రాంతమునకు పోయినప్పుడు, నాట్లకు పోవు స్త్రీనొకతెను ఈ విషయమే అడిగితిమి. ఇంట తక్కువలో అగు ఫలహారమును ఇచట ఎక్కువ పెట్టి కొనుట నష్టము కాదా యని మా ప్రశ్న. ఆమె పొట్లము విప్పుచునే బదులు చెప్పెను: “ఇంట్లో చేసుకుంటే తక్కువకే అయితాది సార్. అయితే కోడి కూయకముందే లెయ్యాల. ఆ నిద్దరకు ఎవురిస్తారు లెక్క?”

రాయలసీమలో ‘లెక్క’ యనగా గణితము మాత్రమే కాదు, డబ్బు కూడ. ఆమె ఒక్క మాటలో రెండర్థములను పలికినది. ఆ ప్రశ్నకు మాయొద్ద వెంటనే సమాధానము లేకపోయెను. హోటలు ఫలహారము పెట్టిన డబ్బునకు తగినదా, కాదా యను వాదము ప్రతి యింటను వినబడునదే. అయితే ఆ వాదమునకు చాల పెద్ద చరిత్ర యున్నది. ఆ చరిత్రను కొంత తిరగవేసినగాని ఆమె ప్రశ్నకు బదులు దొరకదు.

మొదట పేరుల సంగతి. ఇంగ్లీషువారికి హోటలనగా ప్రధానముగా బస. మన పల్లెలలో హోటలనగా తిండి. పడక లేని హోటలు మనకు సహజము, తిండి లేని హోటలును మన మెరుగము. టిఫినను మాట కూడ ఈ దేశమున నివసించిన ఇంగ్లీషువారి వాడుకలో పుట్టి, వారికి మధ్యాహ్నపు చిరుతిండియై, మనకు ఉదయపు ఫలహారమైనది. దానికి ముందు ఉదయమున సామాన్యుడు తినినది చద్ది. రాత్రి మిగిలిన జొన్నసంగటియో, కొఱ్ఱన్నమో మజ్జిగలో నానియుండెడిది. ఉల్లిపాయయో, ఊరుగాయయో తోడయ్యెడిది. దానికి వేరుగ ఖర్చు లేదు, వేరుగ పొయ్యి లేదు. కనుక ఉదయపు తిండికి వెల యను భావమే మన పూర్వులలో పెక్కుమందికి లేదు. నేటికిని హోటలు చీటి చూచి నొసలు ముడుచు పెద్దవారి మనస్సులో ఈ చద్దికుండయే కొలమానము.

ఐనను బాటసారికి చద్దికుండ లేదు. డబ్బుకు అన్నము పెట్టు పద్ధతి అతనికొరకే పుట్టినది. అదియే పూటకూళ్ళ యిల్లు. పదునైదవ శతాబ్దినాటిదిగా చెప్పబడు క్రీడాభిరామమున ఓరుగల్లు నగరపు పూటకూటి యిల్లు కనబడును. ఆ గ్రంథము వినుకొండ వల్లభరాయని పేర నున్నది, శ్రీనాథునిదను వారును కలరు. గోవింద మంచనశర్మయు, అతని మిత్రుడు టిట్టిభసెట్టియు నగరమంతయు తిరుగుచు, లక్ష్మణవజ్ఝల వారి యింట ఒక్క రూకకు దొరకు భోజనమును గురించి ముచ్చటించుకొందురు. సన్నబియ్యపు అన్నము, గోధుమపిండి వంటకము, పంచదార, అప్పుడు కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు తీరుల పచ్చళ్ళు, పెరుగు, ఇవన్నియు ఆ రూకలో చేరినవి.

ఇచట గమనింపవలసినది వంటకముల పట్టికకన్న ఆ రూక. వెల ముందే నిశ్చితము. తినిన తరువాత బేరము లేదు, యజమాని దయాదాక్షిణ్యములతో పని లేదు. ఎవరి యింటనో అతిథియై కూర్చున్నవాడు రెండవసారి వడ్డింపుమని అడుగుటకు వెనుదీయును. రూక చెల్లించినవాడు వెనుదీయడు. అన్నమునకు వెల కట్టుట నీచమని ధర్మశాస్త్రదృష్టి కలవారు భావించియుండవచ్చును. కాని వెల చెల్లించినవానికి ఒక హక్కు కలుగునని ఓరుగంటి వీథులలో తిరిగిన ఆ యిరువురు మిత్రులకు తెలియును.

రెండవ పద్ధతి దానము. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు విష్ణుచిత్తుని అతిథిసేవను వర్ణించెను. ఏ ఋతువున ఏ వంట తగునో, ఎడతెగని వానలలో తడిసిన కట్టెలకు బదులు పొగరాని కొబ్బరిచిప్పలతో వంట ఎట్లు సాగెనో చక్రవర్తి కవి వివరముగా వ్రాసెను. తిండి యనగా బియ్యము పప్పులు మాత్రమే కాదనియు, వంటచెరకు, వండువాని శ్రమ, వేళ అన్నియు అందులో చేరుననియు ఆయన ఎరిగినట్లు తోచును. ఆ రాయలు దర్శించి శాసనము వేయించిన అహోబిలము మన బండి ఆత్మకూరునకు దక్షిణముగా ఇదే నల్లమల వరుసలో నున్నది. అహోబిలము, మహానంది, శ్రీశైలము, ఈ మూడు క్షేత్రముల నడుమ నడచిన యాత్రికులకు సత్రములును, మఠములును, దాతలును ఆధారము.

ఐతే దానముపై ఆధారపడిన ప్రయాణము సులభమైనది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరి, కడప మీదుగా అహోబిలము, మహానంది, శ్రీశైలములను సేవించి ఈ లోయలోనుండియే పోయెను. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసి, కలిగినవాడు. ఇంచుమించు నూరుమంది పరివారముతో, డేరాలతో, పల్లకితో ప్రయాణము చేసెను. ఐనను ఆయన కాశీయాత్రచరిత్రలో మజిలీ మజిలీకి కనబడు చింత ఒక్కటియే. ఈ ఊర పదార్థములు దొరకునా? అంగళ్ళున్నవా? నీరు మంచిదా? బస ఎట్లున్నది? ఏ సీమలో ఏ నాణెము చెల్లును? అప్పటికి ఈ సీమ కందనవోలు నవాబు ఏలుబడిలో నుండెను. శ్రీశైలయాత్రికులపై ఆ నవాబు విధించిన పన్నును గూర్చియు ఆయన వ్రాసెను. నూరుమంది తోడున్న ధనికుని ప్రయాణమే ఇట్లుండ, ఒంటరి బీదవాని సంగతి చెప్పనేల? నేడు బాటప్రక్క హోటలున ఐదునిమిషములలో తిని లేచిపోవు యాత్రికుడు ఆ వెలలో కొనుచున్నది ఉగ్గానిని మాత్రమే కాదు. వీరాస్వామయ్యకు నూరుమంది పరివారము సమకూర్చిన నిశ్చింతను కొనుచున్నాడు.

కడుపు వెల ఎంతయను ప్రశ్న ఈ సీమను ఇంతకన్న క్రూరముగా అడిగినది క్షామము. 1866 కరవున కోవెలకుంట్ల ప్రాంతపు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి అంబలి పోయించెను. విక్టోరియా రాణి ప్రభుత్వము ఆయనకు బంగారు పతకము నిచ్చెను. రేనాటి జనులు ఆయనపై పాటలు కట్టిరి. పదేండ్లు తిరుగగానే 1876–78 మహాక్షామము వచ్చెను. చెన్నరాజధానిలో మిక్కిలి దెబ్బతినిన జిల్లాలలో కర్నూలొకటి. ఆ సమయమున సర్ రిచర్డు టెంపులను అధికారి పొదుపు పేరిట, సహాయపు పనులు చేయు మగవానికి రోజునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని 1877లో నిర్ణయించెను. ఒక పౌననగా మన లెక్కలో అరకిలోకు లోపే. చెన్నరాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు ఆ కూలితో పనిచేయు మనిషి బ్రదుకజాలడని గట్టిగా వాదించెను. ఆ యేడే కూలి కొంత పెంచక తప్పలేదు.

తిండి వెల ఎంత తగ్గిన అంత లాభమను వాదమునకు చరిత్రలో ఇంతకన్న కఠినమైన సమాధానము లేదు. వెల తగ్గించుటకును, తిండిని తగ్గించుటకును నడుమ గీత సన్ననిది. హోటలు పళ్ళెము చవుకయైనప్పుడు మనము మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే. తగ్గినది వెలయా, తిండియా?

పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధమున లోయ రూపు మారెను. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించిన కర్నూలు–కడప కాలువను 1882లో ప్రభుత్వము కొనెను. కాలువ నీరు పారిన చోట జొన్నచేలప్రక్క వరిమళ్ళు లేచినవి. ఆ శతాబ్ది చివరి దశకములలో నంద్యాలకు రైలు వచ్చెను. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధనాక్షేత్రము నెలకొనెను. చాలకాలము తరువాత, 1986లో బాపట్లనుండి విడుదలయిన సాంబమసూరి యను బి.పి.టి. 5204 ఈ లోయలో పాదుకొని, ఇచటి సన్నబియ్యమునకు రాష్ట్రముల కావల సైతము పేరు తెచ్చెను. సంగటి తినిన సీమలో ఇడ్లీ, దోసె నిత్యాహారములగుటకు వెనుక ఈ కాలువయు, ఈ బియ్యమును ఉన్నవి.

ఇడ్లీ చరిత్రయు వెల చరిత్రయే. పదవ శతాబ్దిలోని కన్నడ గ్రంథము వడ్డారాధనెలో ఇడ్డలిగె యను పేరు కనబడును. పండ్రెండవ శతాబ్దిలో చాళుక్య సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసమున ఇడ్డరిక యను వంటక మున్నది. నాటి ఇడ్లీ మినుముతో మాత్రమే చేయబడెడిదనియు, బియ్యము తరువాత చేరెననియు ఆహారచరిత్రకారుల అభిప్రాయము. మినుము ప్రియము, బియ్యము దానికన్న చవుక. ఒకపాలు మినుమునకు రెండుమూడు పాళ్ళు బియ్యమో, బియ్యపు రవ్వయో చేర్చుటతో రాజులతిండి బజారుతిండి యగుటకు వీలు కలిగెను. రాత్రి పిండి పులియునప్పుడు కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిని పొంగించును. హోటలువాడు గాలిని అమ్ముకొనుచున్నాడని కొందరు హాస్యమాడుదురు. ఆ పులియుటవలననే తిండి తేలికగ అరుగునని, కొన్ని విటమినులు పెరుగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కనుక ఆ గాలికి ఇచ్చిన వెల వృథా కాదు. బొరుగుల సంగతియు ఇట్టిదే. వేడియిసుకలో పేలిన బియ్యము కొలతకు పెక్కురెట్లగును, తూకమునకు పెరుగదు. ఉగ్గాని పళ్ళెము కంటికి నిండుగ కనబడుటకు కారణ మిదియే. దానిని కూలివానికి చాలు తిండిగ చేయునవి నూనె, పుట్నాలపొడి, సెనగపిండి బజ్జీలు. హోటలువాడు పొదుపు చేయదలచిన మొదట తగ్గునవియు అవియే. తినువాడు కనిపెట్టి చూడవలసినదియు అచటనే.

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున కాఫీహోటళ్ళు చెన్నరాజధాని అంతట వ్యాపించినవి. వానిలో ఉడిపివారి పేరు ప్రసిద్ధము. ఉడిపి సీమనుండి వట్టిచేతులతో చెన్నపట్టణము చేరి వంటింటి పనులు చేసిన కె. కృష్ణారావు 1938లో ఉడ్‌ల్యాండ్సు స్థాపించిన కథ అందరెరిగినదే. బెంగుళూరున మావళ్ళి టిఫిన్ రూమ్సు 1924లో మొదలయ్యెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున బియ్యము దొరకక, గోధుమరవ్వతో ఇడ్లీ చేసి రవ్వ ఇడ్లీకి కారణమైనది తామేనని ఆ సంస్థవారు చెప్పుదురు. పొడిగ నుండు పెసరట్టునకో, ఉప్మాకో ఇట్లే ఒక లేమి కథ ప్రతి ఊరను వినబడును. మంచి ఫలహారములలో కొన్ని సమృద్ధినుండి కాక కొరతనుండి పుట్టినవని మాత్రము చెప్పవచ్చును.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించి కర్నూలు రాజధాని యయ్యెను. కార్యాలయములు కొన్ని గుడారములలో నడిచినవి. కుటుంబములను విడిచివచ్చిన గుమాస్తాకు పొయ్యి లేదు, చద్ది లేదు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదునకు తరలువరకు అట్టివానికి హోటలు విలాసము కాదు, నిత్యావసరము. నెలజీతపు మనిషి హోటలు లెక్కను గూర్చి సణుగుకొనుట మన సీమలో ఒక తరమునకు అలవాటైనది బహుశః అప్పుడే.

ఇక ఈ చరిత్రలో చెప్పక దాటరాని భాగమొకటి కలదు. డబ్బునకు తగిన తిండి దొరకినదా యని అడుగుటకు ముందు, అందరి డబ్బునకు ఒకే విలువ యున్నదా యని అడుగవలెను. చాలకాలము లేదు. పూటకూటి యింట పంక్తి ఎవరిది, బయట అరుగు ఎవరిది యని కులము నిర్ణయించెను. కాఫీహోటళ్ళలోను బ్రాహ్మణులకు వేరుగది, ఇతరులకు వేరుగది యుండెడి రోజులు కలవు. దళితుడు రొక్కము చేతబట్టుకొని వచ్చినను అతనికి బయటనే పోయబడెడిది, తాగిన పాత్ర తానే కడిగి చూరున దోపవలసివచ్చెడిది. అతడిచ్చిన అణా పెట్టెలోని తక్కిన అణాలతో కలిసెడిది, అతడు మాత్రము తక్కినవారితో కలియరాదు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణమున దుకాణములు, ఫలహారశాలలు, హోటళ్ళలో ప్రవేశమును కులమును బట్టి అడ్డగించుటను నిషేధించెను. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చెను, 1976లో సవరింపబడి పౌరహక్కుల పరిరక్షణ చట్టమయ్యెను. చట్టము పుట్టిన దినముననే రెండు గ్లాసుల పద్ధతి చావలేదు. చట్టము వచ్చిన దశకముల తరువాతను టీకొట్ల యెదుట దానికై పోరాడవలసివచ్చెను.

ఈ దృష్టితో చూచినచో బండి ఆత్మకూరు కూడలిలో అందరును ఒకే బల్లముందు నిలిచి తినుట చిన్నవిషయము కాదు. ఎంతటి రుచికరమైన తిండియైనను అవమానముతో కలిపి పెట్టినచో దానికి వెల లేదు. సామాన్యమైన ఉగ్గానియైనను సమానముగ పెట్టినచో ఆ వెలలో గౌరవముకూడ చేరియుండును. పాత లెక్కలలో ఎవరును వ్రాయని పద్దు ఇది.

వ్రాయని పద్దు మరియొకటి కలదు. అది వండు చేతిది. గురజాడవారి కన్యాశుల్కము 1897లో అచ్చయ్యెను. అందలి పూటకూళ్ళమ్మ నెరుగని తెలుగువారరుదు. గిరీశము ఆమె అన్నము తిని, ఆమె డబ్బు వాడుకొని తప్పించుకొని తిరుగును. ప్రేక్షకులు నవ్వుదురు. నవ్విన తరువాత ఆలోచించినచో, ఆ నాటకమున తన వంటకు వెల కట్టి అడిగిన స్త్రీ ఆమెయే. తక్కిన యిండ్లలో స్త్రీలు రెండుపూటల వండుచునే యున్నారు, ఆ శ్రమకు అణాయైన లెక్క లేదు. ఇంట ఫలహారము చవుకయని మన మనునప్పుడు వియ్యము, పప్పు, నూనె, గ్యాసు ఇవి మాత్రమే కూడుదుము. ముందురాత్రి నానవేసి రుబ్బినవారిని, తెల్లవారకముందు లేచి పొయ్యి వెలిగించినవారిని, అంట్లు తోమినవారిని ఆ కూడికలో చేర్చము. చేర్చిన లెక్క మారును. నాట్లకు పోవు స్త్రీ మమ్మడిగినది ఈ లెక్కయే.

ఇంతవరకు తినువాని పక్షము. అమ్మువాని పక్షముకూడ వినవలెను. ఇంటికి 14.2 కిలోల గ్యాసు సిలిండరు వచ్చును. హోటలువాడు 19 కిలోల వ్యాపారపు సిలిండరు కొనవలెను, దానికి కిలో వెలయే ఎక్కువ. అద్దె, విద్యుత్తు, పనివారి కూలి, అమ్ముడుపోని పిండి, అప్పుపెట్టి పోయినవారి బాకీ, ఇవన్నియు పళ్ళెము వెలలో నుండవలెను. ప్రభుత్వము వెలను బలవంతముగ నొక్కినప్పుడు ఏమగునో 1975–77 అత్యవసర పరిస్థితి కాలమున కనబడెను. నిర్ణయించిన చవుకవెలలకు నాణ్యము తగ్గించి అమ్ముటకు ఇష్టపడక మావళ్ళి టిఫిన్ రూమ్సువారు కొంతకాలము తమ భోజనశాలను మూసివేసి, సిద్ధపిండ్ల వ్యాపారమునకు తిరిగిరి. ఆ సంస్థ తరువాతి వృద్ధికి అదియే బీజమయ్యెననుట వేరుసంగతి.

మరి బీదవానికి చవుకతిండి అక్కరలేదా? అక్కరయే. కాని ఆ చవుకను ఎవరో ఒకరు భరింపవలెను. రెండవ ప్రపంచయుద్ధమున ఇంగ్లండులో ప్రభుత్వ ప్రోత్సాహముతో స్థానికసంస్థలు ‘బ్రిటిష్ రెస్టారెంట్లు’ నడిపి, తొమ్మిది పెన్నీలకు మించని వెలకు వేడిభోజనము పెట్టినవి. తమిళనాట 2013లో అమ్మ ఉణవగములు మొదలై రూపాయికొక ఇడ్లీ ఇచ్చినవి. ఆంధ్రప్రదేశమున 2018 జులై 11న అన్న క్యాంటీనులు తెరువబడి, 2019లో మూతబడి, 2024 ఆగస్టు 15న మరల తెరువబడినవి. అచట ఉదయపు ఫలహారము 5 రూపాయలు, మూడుపూటలకు 15 రూపాయలు. ఒక్కొక్కరికి రోజునకు అగు వ్యయము సుమారు 90 రూపాయలనియు, మిగిలిన 75 ప్రభుత్వమును దాతలును భరింతురనియు పునఃప్రారంభ సమయమున చెప్పబడెను. అనగా ఐదు రూపాయల ఇడ్లీ ఐదు రూపాయలది కాదు. అది మేలైన ఏర్పాటే. ఐనను ఇవి ముఖ్యముగా పట్టణములందే యున్నవి. పొలమునకు పోవు పల్లె కూలీకి ఐదు రూపాయల పళ్ళెమునకును నడుమ బస్సుచార్జీ యున్నది.

మన కూడలికి సమీపముననే ఓంకార క్షేత్రమున వేరొక లెక్క నడచును. నల్లమల క్షేత్రములలో అన్నదానమును వ్యాపింపజేసి 1995లో సిద్ధిపొందిన అవధూత కాశీనాయన పేరిట అచట వచ్చినవారికెల్ల ఉచితముగ అన్నము పెట్టుచున్నారు. ఒక వైపు వెల లేని అన్నము, ఒక వైపు వెల కట్టిన ఫలహారము, నడుమ కొద్దిమైళ్ళ దూరము. ఈ రెండును ఒకదానికొకటి విరోధులని మేము తలంపము. యాత్రికుడు ఒకదినము ప్రసాదముగ తినును. కూలివాడు ప్రతిదినము దానము తిని పనికి పోజాలడు, పోగోరడు కూడ. రోజు తినుతిండిని తన లెక్కతో కొని తినుటలో ఒక మర్యాద యున్నది. ఉయ్యాలవాడ అంబలి కరవునాటి ప్రాణము. ఓరుగంటి రూక మామూలునాటి హక్కు. సంఘమునకు రెండును వలెను.

పట్టణపు బసహోటళ్ళ సంగతి కొంత చెప్పి ముగింతుము. నేడు గది అద్దెలోనే ‘ఉచిత అల్పాహారము’ అని వ్రాయుదురు. అమెరికాలో గదితోకూడ భోజనమునకును కలిపి వెల కట్టు పద్ధతి పందొమ్మిదవ శతాబ్దినుండి యున్నది. దానిని అమెరికను పద్ధతి యనియు, గదికి మాత్రమే వెల కట్టుదానిని యూరోపియను పద్ధతి యనియు అందురు. గదిలో కలిపినది ఉచితము కాదు, లెక్క మరుగుపడినదంతే. ఇరువది వంటకములు పేర్చిన బల్లయెదుట మనిషి తినగలిగినది రెండు ఇడ్లీలు, ఒక దోసె, కాఫీ. తక్కిన పదునేడింటికి ఇచ్చినది చూపుల వెల. ఉదయముననే రైలెక్కవలసినవాడు అదియు తినక, తినినవారి వెల తాను చెల్లించిపోవును. అట్టివాడు ఫలహారము లేని గదిని అడిగి తీసికొని, వీథిచివరి హోటలున తినుట మేలు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఐదుగురున్న యింట, వండుటకు వేళయు, పని పంచుకొను చేతులును ఉన్నచో, హోటలు ఫలహారము నిత్యము కొనుట డబ్బునకు తగినది కాదు. ఆ మాట పెద్దలు చెప్పినది నిజమే. కాని ‘పని పంచుకొను చేతులు’ అను షరతు మరువరాదు. ఒంటరికి, ప్రయాణికునికి, వేకువనే కూలికి పోవువారికి అది తగినదే. దానికి మూడు పరీక్షలున్నవి. వెల ముందు తెలిసియుండవలెను. వెలతోపాటు తిండియు, శుభ్రమైన నీరును తగ్గకుండవలెను. బల్ల అందరికి ఒకటే కావలెను. ఓరుగంటి రూక, టెంపులు దొర పౌను, చూరున దోపిన గ్లాసు, ఈ మూడును మనకు నేర్పిన పాఠము లివి.

మేము పనిముగించుకొని మధ్యాహ్నము ఆ దారినే తిరిగివచ్చునప్పటికి హోటలు పొయ్యి ఆరియుండెను. నాట్లు సగము పడిన మడిలో ఆ స్త్రీలు వంగి పనిచేయుచుండిరి. వారి నిద్రకు లెక్క ఎవరిచ్చెదరను ప్రశ్నకు సమాధానము హోటలు చీటిలో లేదు. వారి కూలిలో నుండవలెను. రోజుకూలి నిర్ణయించునప్పుడు ఉదయపు పళ్ళెము వెలనుకూడ అందు కూడినచో, హోటలు ఫలహారము ప్రియమా, చవుకా యను వాదము చాలవరకు దానంతటదే తీరును.